52 వారాల తరగతుల తరువాత ఇచ్చే సర్టిఫికెట్టును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: కృష్ణలంక_అక్క

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. నా తమ్ముడు కొన్నేళ్ళుగా కాలిఫోర్నియాలోని బే ఏరియాలో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు నెలల క్రితం అతడు తన భార్యను కొట్టాడు. పక్క అపార్ట్‌మెంటు వారు 911కు ఫోన్ చేయగా పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. లాయరు సలహా మీద అతడు ఆరోపణపై పోరాడకుండా 'నో కాంటెస్ట్' అని చెప్పాడు. కోర్టు అతనికి మూడేళ్ళ ప్రొబేషన్ (కోర్టు షరతులకు లోబడి పర్యవేక్షణలో ఉండడం), భార్యను ఏ విధంగానూ సంప్రదించకూడదనే రక్షణ ఉత్తర్వు, భార్యను కొట్టినవారి కోసం నడిపే 52 వారాల తరగతులు విధించింది. మా మరదలు ఐదేళ్ళ పాపతో వేరే చోట ఉంటోంది.

పై మాటలు ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ "కొట్టాడు" అనడం లేదు. "చిన్న గొడవ జరిగింది", "ఆ దేశంలో చట్టాలు అలాంటివి", "వాడికి కోపం ఎక్కువే గాని మనసు వెన్న" అంటున్నారు. తరగతుల గురించి అడిగితే, వారానికి రెండు గంటలు కూర్చుని, డబ్బు కట్టి, సంతకం పెట్టి రావడమేనని, ఏడాది గడిస్తే సర్టిఫికెట్టు ఇస్తారని తమ్ముడు చెబుతున్నాడు. నాన్నగారేమో అతన్ని రెండు నెలలు ఇక్కడికి రప్పించి, ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరిపోతుందని, ఆ తరగతులేవో హైదరాబాదులో ఒక మానసిక నిపుణుని దగ్గర పూర్తి చేయించి కాగితం పంపవచ్చునని అంటున్నారు. అమ్మ ప్రతి ఆదివారం మరదలికి వాట్సాప్‌లో ఫోన్ చేసి, అదే కాల్‌లో తమ్ముణ్ణి కూడా కలపాలని చూస్తోంది.

ఆ తరగతుల్లో నిజంగా ఏమి నేర్పుతారు? అవి మనిషిని మారుస్తాయా? సర్టిఫికెట్టు చేతికి వచ్చిన రోజున మేము మరదలి తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళి "మా వాడు మారాడు, అమ్మాయిని పంపండి" అని అడగవచ్చునా? నేను మా తమ్ముణ్ణి ఎత్తుకు పెంచాను. అలాగే మా మరదలు నాకు పరాయిది కాదు. తెలిసినవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

సమాధానం 1: ఫ్రీమాంట్_వాలంటీరు

అమ్మా, నేను లాయరును కాను. ఉచిత న్యాయ సహాయ శిబిరాల్లో తెలుగువారికి దుబాసీగా చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. మిగతావన్నీ తరువాత, ముందు మీ అమ్మగారి చేత ఆ ఆదివారం ఫోన్లు మాన్పించండి. సంప్రదించకూడదన్న ఉత్తర్వు ఉన్నప్పుడు నేరుగా మాట్లాడడమే కాదు, మరొకరి ద్వారా కబురు పంపడం కూడా నిషిద్ధమే. లాయరు ద్వారా తప్ప వేరే దారి ఉండదు. మీ అమ్మగారు కాల్ కలిపిన మరుక్షణం ఉత్తర్వును ఉల్లంఘించినవాడు మీ తమ్ముడవుతాడు. అమెరికా పౌరుడు కానివాడు రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినట్టు కోర్టు నిర్ధారిస్తే, వలస చట్టం ప్రకారం అదొక్కటే దేశం నుంచి పంపివేయడానికి కారణం కాగలదు. ఉత్తర్వును సడలించమని కోరే దారి కోర్టులో ఉంది. కోరాలో వద్దో మీ మరదలు తేల్చుకోవాలి, సడలించాలో వద్దో జడ్జి నిర్ణయించాలి.

'నో కాంటెస్ట్' అంటే నేరం ఒప్పుకోనట్టే గదా అని మన వాళ్ళు చాలామంది అనుకుంటారు. వలస చట్టం దాన్ని కూడా శిక్ష పడినట్టుగానే లెక్కిస్తుంది. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, నేరాంగీకారం వల్ల దేశ బహిష్కరణ ప్రమాదం ఉంటే ఆ సంగతిని లాయరు తన క్లయింటుకు చెప్పి తీరాలని తీర్పు ఇచ్చింది. అందుచేత మీ తమ్ముడు ఏ సెక్షను కింద ఒప్పుకున్నాడో ఆ కాగితాలు తీసుకుని, వలస చట్టం తెలిసిన లాయరును వెంటనే కలవడం మంచిది.

ఇక తరగతుల సంగతి. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 1203.097 సెక్షను వీటిని నిర్దేశిస్తుంది. ప్రొబేషను కనీసం 36 నెలలు, తరగతులు కనీసం ఏడాది, వారానికి ఒకసారి, ఒక్కొక్కటి రెండు గంటలకు తగ్గకుండా. వరుసగా ప్రతి వారం వెళ్ళాలి. తగిన కారణం చూపితే మొత్తం కోర్సులో మూడు తరగతులకు మాత్రమే మినహాయింపు దొరుకుతుంది, అంతా 18 నెలల లోపల ముగియాలి. దీన్ని మార్చాలంటే మళ్ళీ కోర్టులో విచారణ జరగాలి. కాబట్టి రెండు నెలలు ఇండియాకు రప్పించాలన్న ఆలోచన కుదరదు. హైదరాబాదు నిపుణుని కాగితం కూడా చెల్లదు, ఎందుకంటే తరగతులు ప్రొబేషను శాఖ ఆమోదించిన కార్యక్రమంలోనే జరగాలి. కోపాన్ని అదుపులో పెట్టుకునే కోర్సులు వేరు, ఇవి వేరు. ఒకదానికి బదులు మరొకటి చూపడం కుదరదు. నిర్వాహకులు మూడు నెలలకు మించకుండా కోర్టుకు ప్రగతి నివేదిక పంపుతుండాలి. రుసుము మనిషి స్తోమతును బట్టి నిర్ణయిస్తారు గనుక, డబ్బు లేక మానేశాననే మాట జడ్జి ముందు నిలవడం కష్టం.

ఇదే చట్టంలో మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే నిబంధన ఒకటుంది. నిర్వాహకులు బాధితురాలికి తరగతుల నియమాలు తెలియజేయాలి, ఆమెకు దొరికే సహాయం గురించి చెప్పాలి, దానితో పాటు, ఏ కార్యక్రమానికి హాజరైనంత మాత్రాన ఆ మనిషి మళ్ళీ హింసకు పాల్పడడనే హామీ లేదని కూడా ఆమెకు చెప్పాలి. తరగతులను తప్పనిసరి చేసిన చట్టమే వాటికి హామీ ఇవ్వలేదు. మీ నాన్నగారికి ఈ ఒక్క నిబంధనైనా చదివి వినిపించండి.

సమాధానం 2: పూర్తి_చేసినవాణ్ణి

నేను ఆ 52 వారాలు కూర్చున్నవాణ్ణి. మీ తమ్ముడు చెబుతున్నట్టుగానే మొదట్లో నేనూ మా ఇంట్లో చెప్పాను: డబ్బు, సంతకం, సర్టిఫికెట్టు. అది పూర్తిగా అబద్ధం కాదు. ఎవరైనా అలా కూర్చుని లేచి రాదలచుకుంటే రావచ్చు, అలా వచ్చినవారిని నేను చూశాను. లోపల ఏమి జరుగుతుందో మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన వాళ్ళలో ఈ మాట బయటికి చెప్పేవారు నాకు కనిపించలేదు.

శనివారం ఉదయం, ఒక దుకాణ సముదాయం పై అంతస్తులో, గుండ్రంగా వేసిన మడత కుర్చీలు. అందరూ మగవాళ్ళమే, ట్రక్కు డ్రైవరు, పళ్ళ డాక్టరు, వంటవాడు, నాలాంటి ఇంజనీర్లు ఇద్దరు. కొత్తగా వచ్చినవాడు తాను ఏమి చేశాడో అందరి ముందూ చెప్పాలి. నేను "మాటా మాటా పెరిగింది, తోపులాట జరిగింది, ఆమె పడిపోయింది" అని చెప్పాను. తరగతి నడిపే ఆమె నా వాక్యాన్ని తెల్లబోర్డు మీద యథాతథంగా రాసి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగింది. నిజంగానే అందులో నేను లేను. తోపులాట దానంతట అది జరిగింది, ఆమె తనంతట తాను పడింది. "నేను ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి నెట్టాను" అని చెప్పగలగడానికి నాకు మూడు వారాలు పట్టింది. అప్పుడు కూడా చివర "కానీ" అని ఏదో కలపబోతే, ఆ "కానీ" దగ్గరే ఆపేసింది.

ఆ రోజు కారులో ఇంటికి వస్తూ అదే వాక్యాన్ని తెలుగులో చెప్పుకోవడానికి ప్రయత్నించాను. నోటికి వచ్చిన మొదటి మాట "చెయ్యి చేసుకున్నాను". చిన్నప్పటి నుంచి మా ఇంట్లో విన్న మాట అదే. మా నాన్నగారు అమ్మ మీద "చెయ్యి చేసుకునేవారు", ఎన్నడూ "కొట్టేవారు" కాదు. "దెబ్బ తగిలింది" అంటే కొట్టినవాడే కనబడడు. "చెయ్యి జారింది" అంటే తప్పు చెయ్యిది, మనిషిది కాదు. ఇన్ని మాటలు సిద్ధంగా ఉన్న భాషలో పెరిగినవాడికి "నేను కొట్టాను" అనే రెండు మాటలు ఎంత బరువో అప్పుడు తెలిసింది. అక్కా, మీరు మీ ప్రశ్నలో "కొట్టాడు" అని రాశారు చూడండి, ఆ మాటను మీ తమ్ముడి చేత అనిపించడానికే అక్కడ నెలల తరబడి పని జరుగుతుంది.

తరువాత ఒక చక్రం బొమ్మ ఇస్తారు. మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ నగరంలో 1981లో మొదలైన కార్యక్రమం వారు, దెబ్బలు తిన్న ఆడవాళ్ళు చెప్పిన అనుభవాలను కూర్చి 1984లో దాన్ని తయారు చేశారు. మధ్యలో అధికారం, అదుపు అని ఉంటుంది. చుట్టూ ఎనిమిది ఆకులు: బెదిరించి ఒత్తిడి చేయడం, భయపెట్టడం, మాటలతో కించపరచడం, అందరి నుంచి వేరు చేయడం, జరిగినదాన్ని తక్కువ చేసి తప్పు ఆమె మీదకే తోయడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం, మగవాడిననే పెత్తనం, డబ్బు బిగించి పెట్టడం. దెబ్బలు చక్రానికి పైనున్న పట్టీ మాత్రమే. మా ఇంట్లో వీటిలో ఏవేవి ఉన్నాయో గుర్తు పెట్టమన్నారు. ఆమె డెబిట్ కార్డు నా పర్సులో ఉండేది, లెక్కలు నేను చూసుకుంటున్నాననుకున్నాను. ఆమె పాస్‌పోర్టు నా ఆఫీసు సొరుగులో ఉండేది, భద్రం కోసమనుకున్నాను. గొడవైనప్పుడల్లా "టికెట్టు కొని మీ ఊరికి పంపించేస్తాను" అనేవాణ్ణి, అది కోపంలో అన్న మాట అనుకున్నాను. గుర్తు పెట్టడం ముగిసేసరికి ఆరు ఆకులు నిండాయి. నేను ఆమెను కొట్టింది ఒక్కసారే కావచ్చు, ఆ ఆరూ మాత్రం పెళ్ళైన మొదటి ఏడాది నుంచే ఉన్నాయి.

కోపం గురించి కూడా ఒక మాట. నేను ఆమెను గోడకేసి నెట్టిన రోజు పొద్దున ఆఫీసులో మేనేజరు నలుగురి ముందు నన్ను కడిగేశాడు. నేను తల దించుకుని విని, "థాంక్యూ" కూడా చెప్పి వచ్చాను. సాయంత్రం ఇంట్లో మాత్రం ఆపుకోలేకపోయానని చెప్పుకున్నాను. ఆపుకోవడం నాకు చేతనవుననడానికి ఆ పొద్దుటి నేనే సాక్షి.

నిజం చెప్పాలంటే మొదటి ఇరవై వారాలు నేను వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇరవై రెండో వారమో ఏమో, కొత్తగా వచ్చిన కుర్రవాడు అచ్చం నా మొదటి వాక్యాన్నే, "ఆమె పడిపోయింది" అని చెప్పాడు. గదిలో అందరికంటే ముందు నాకు వినపడింది ఆ వాక్యంలోని ఖాళీ. నాకు పని అక్కడి నుంచి మొదలైంది. నా భార్య తిరిగి రాలేదు, రమ్మని నేను అడగలేదు. నేను మారానా అని అడిగితే నా సమాధానానికి విలువ లేదు; అది చెప్పవలసినది నాతో భయం లేకుండా బతకవలసి వచ్చే మనిషి.

సమాధానం 3: పదకొండో_నంబరు_ఇల్లు

పైన రాసిన ఆయన నిజాయితీని గౌరవిస్తున్నాను. అయినా, ఆయన చెప్పినది చదివి ఆశ పెంచుకోవద్దని అక్కగారిని కోరుతున్నాను. నా మాజీ భర్త కూడా ఇదే రాష్ట్రంలో ఇవే 52 వారాలు పూర్తి చేశాడు. మా విషయంలో కోర్టు, శాంతియుతంగా కలిసి ఉండవచ్చుననే ఉత్తర్వు ఇచ్చింది గనుక ఒకే ఇంట్లో ఉన్నాము.

తరగతుల్లో 'టైమ్ అవుట్' అనే పద్ధతి నేర్పుతారు: కోపం పెరుగుతోందని తెలియగానే ముందే చెప్పి పక్కకు వెళ్ళి, శాంతించాక తిరిగి రావాలి. అతడు దాన్ని ఎలా వాడాడో చెబుతాను. పాపకు జ్వరంగా ఉంది, మందుకు డబ్బు కావాలని అడిగితే "టైమ్ అవుట్" అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయి రాత్రి పదకొండుకు వచ్చేవాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే "నన్ను అదుపు చేయాలని చూస్తున్నావు, ఇది హింస" అనేవాడు. అంతకుముందు తిట్టేందుకు అతనికి తెలుగు మాటలే ఉండేవి; తరగతులు ఇంకొన్ని ఇంగ్లీషు మాటలు ఇచ్చాయి. కోర్సు ముగిశాక సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి, అందరికీ కనబడేలా ఫ్రిజ్ మీద పెట్టాడు. మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసి "ఇంక నువ్వే సర్దుకుపోవాలమ్మా, వాడు చేయవలసింది చేశాడు" అన్నారు. రెండు నెలలు తిరక్కుండా, నేను మా అక్కతో మాట్లాడుతుండగా నా చేతిలోని ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

హామీ లేదని చెప్పే ఆ లేఖ నాకు కూడా వచ్చింది. వచ్చిన రోజున మామూలు కాగితమనుకుని బియ్యం డబ్బా మీద పెట్టాను. తలుపు దగ్గర జరిగిన ఆ రాత్రి తరువాత దాన్ని తీసి పూర్తిగా చదివి, 1991 నుంచి బే ఏరియాలో దక్షిణాసియా మహిళల కోసం పని చేస్తున్న మైత్రి సంస్థకు ఫోన్ చేశాను. అక్కగారూ, మీ మరదలికి మీ ఇంటి వైపు నుంచి ఎవరూ ఇప్పుడు ఏమీ అడగకుండా ఉండడమే పెద్ద సహాయం. ఆమె హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా మీద, ఉండి ఉంటే, తన వీసా అతని ఉద్యోగానికి ముడిపడి ఉందని రోజూ భయపడుతూ ఉంటుంది. హింసకు గురైన హెచ్-4 భార్యలు సొంతంగా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చునని, నేర బాధితులు పోలీసులకు సహకరిస్తే యూ వీసా అనేది ఒకటి ఉందని ఆమెకు సలహాదారులు చెబుతారు. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1-800-799-7233. దుబాసీ కావాలని అడగవచ్చు.

సమాధానం 4: సికింద్రాబాద్_కౌన్సెలర్

నేను హైదరాబాదులో గృహహింస కేసుల్లో కౌన్సెలింగు చేస్తాను. మీ నాన్నగారి ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మన దగ్గర కౌన్సెలింగు అనగానే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడమనే అర్థం స్థిరపడిపోయింది. కాలిఫోర్నియా చట్టంలో ఈ తరగతుల నుంచి భార్యాభర్తల ఉమ్మడి కౌన్సెలింగును, కుటుంబ కౌన్సెలింగును పూర్తిగా మినహాయించారు. తనను కొట్టినవాడి పక్కన కూర్చున్న మనిషి నిజం చెప్పలేదు. చెబితే ఇంటికి వెళ్ళాక దానికి వేరే లెక్క ఉంటుంది.

మన 2005 గృహహింస చట్టం శిక్ష విధించే చట్టం కాదు, రక్షణ కల్పించేది. దాని 14వ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు ఇద్దరినీ విడివిడిగా గాని, కలిపి గాని కౌన్సెలింగుకు పంపవచ్చు. అయితే 2006 నియమావళిలోని 14వ నియమాన్ని చాలామంది చదవరు. హింస మళ్ళీ జరగదనే హామీ తీసుకోవడమే కౌన్సెలింగు ఉద్దేశమని, తాను చేసిన హింసకు ప్రతివాది ఏ సమర్థనా చెప్పుకోవడానికి వీలు లేదని, ఆ సంగతి కౌన్సెలింగు ప్రారంభం కాకముందే అతనికి తెలియజేయాలని అందులో స్పష్టంగా ఉంది. పైన ఆయన చెప్పిన "కానీ" దగ్గర ఆపేయడమూ, మన నియమం చెప్పేదీ ఒకటే. మన దగ్గర ఆచరణలో మాత్రం, "ఆవిడ కూడా ఏదో అని ఉంటుంది కదా" అనే మాటతోనే కౌన్సెలింగు మొదలవుతున్న గదులను నేను ఎన్నో చూశాను.

తరగతులు మారుస్తాయా అన్న ప్రశ్నకు పరిశోధనలు పెద్ద ఆశ చూపలేదు. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో శిక్ష పడిన మగవారిని చీటీ తీసినట్టుగా రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకే తరగతులు పెట్టి చూస్తే, రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 22 అధ్యయనాలను కలిపి 2004లో ప్రచురించిన విశ్లేషణలో ఫలితం ఉంది గాని చాలా స్వల్పమని తేలింది. 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటరు పరిశీలించిన కేసుల్లో దాదాపు సగం మంది కోర్సు పూర్తి చేయనే లేదు. కాబట్టి మీ తమ్ముడు ఒక్క వారమూ మానకుండా వెళ్ళడం ముఖ్యమే. అది అతడు కోర్టుకు, తనకు తాను చెల్లించవలసిన బాకీ. ఆ బాకీ తీరినందుకు మీ మరదలు ప్రతిఫలం ఇవ్వవలసిన పని లేదు.

అడిగే హక్కు విషయానికి వస్తే, మీరు వియ్యాలవారి ఇంటికి సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్తే, ఆమె తల్లిదండ్రులు పరువు కోసం ఆమె మీద ఒత్తిడి తెస్తారు. అడిగింది మీరే అయినా ఆ బరువు మోయవలసినది ఆమె. మీరు అడగగలిగినవి మీ తమ్ముణ్ణే: పాప ఖర్చులకు కోర్టు చెప్పిన మొత్తం నెల నెలా అందుతోందా, భార్య కాగితాలు, పాస్‌పోర్టు, నగలు ఆమె దగ్గరే ఉన్నాయా, లేకపోతే లాయరు ద్వారా పంపించాడా. ఇవి చేయడానికి సర్టిఫికెట్టు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

కృష్ణలంక_అక్క (ప్రశ్న అడిగినవారు)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి అమ్మను, నాన్నగారిని కూర్చోబెట్టి ఈ సమాధానాలన్నీ మొదటి నుంచి చదివి వినిపించాను. "చెయ్యి చేసుకున్నాను" అన్న పేరా దగ్గర నాన్నగారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. చాలాసేపటి దాకా లోపలికి రాలేదు. అమ్మ ఏమీ అనకుండా తన ఫోన్ నా చేతికి ఇచ్చి, మరదలి నంబరు తీసేయమంది. తీసేశాను.

ఈ ఉదయం తమ్ముడితో మాట్లాడాను. ఆ రోజు ఏమి జరిగిందో నాకు తెలుగులో చెప్పమన్నాను. "గొడవైంది అక్కా" అన్నాడు. ఇందులో నువ్వు ఎక్కడున్నావురా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. పాస్‌పోర్టుల సంగతి మెసేజ్ పెట్టి అడిగితే, భార్యదీ పాపదీ తన బీరువాలోనే ఉన్నాయని జవాబిచ్చాడు. వాటిని లాయరు ద్వారా ఈ వారంలోనే పంపించాలని, పంపిన రసీదు ఫోటో నాకు పెట్టాలని చెప్పాను. మరుసటి తరగతి శనివారం.